ఎవరూ పట్టుకోని తప్పు

శంషాబాదులో మా మేడ పైభాగాన్ని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు కిరాయికి ఇచ్చాను. సంస్థ అన్నది ఆ కుర్రవాళ్ళు వాడే మాట. అరడజను మంది యువతీయువకులు, వారికి నడివయసు యజమాని ఒకడు, నాలుగు బల్లలు, గోడమీద బొమ్మ వేసే యంత్రం ఒకటి, అంతే దాని వైభవం. విమానాశ్రయం వచ్చి నాలుగైదేళ్ళయిన కాలమది. ఊళ్ళో భూములు పోగొట్టుకున్నవారిలో చాలామంది కార్లు కొని, విమానాశ్రయపు టాక్సీ స్టాండులో తిప్పుకొంటున్నారు. ఆ డ్రైవర్ల సంఘం కోసం మా పైవాళ్ళు తెలుగులో ఒక వెబ్‌సైటు తయారుచేశారు. అందులోని వాక్యాలను ఒకసారి చూసిపెట్టమని యజమాని నన్ను కోరినప్పుడు, ఇంటివాణ్ణి మంచి చేసుకొనే ఉపాయమేమో అని మొదట శంకించాను.

నా స్వభావంలో అనుమానం పాలు కొంచెం ఎక్కువ. అందుకు నా చదువు కూడా కారణమే. ప్రాచ్య కళాశాలలో చేరిన కొత్తలో మా గురువుగారు నన్ను తాళపత్ర ప్రతులు సరిచూసే పనికి పెట్టారు. ఏ ప్రతి చేతికి వచ్చినా ముందు దానిని నమ్మకుండా ఉండటమే ఆ విద్యకు ఓనమాలు. ఆపైన జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పుకొని ఉద్యోగవిరమణ చేసినా, ఆ అలవాటు మాత్రం విరమించలేదు.

ఆ సైటు చేసే పని చాలా తేలిక. డ్రైవరు స్టాండులోకి రాగానే తన ఫోనులో సైటు తెరిచి ‘వచ్చాను’ అన్న బొత్తాము నొక్కాలి. అతని పేరు వరుసలో చివర చేరుతుంది. ముందున్నవారు వెళ్ళినకొద్దీ పైకి జరిగి, వంతు రాగానే సూపర్‌వైజరు పిలుస్తాడు. అంతకుముందు ఇదంతా నోటిమాట మీద నడిచేది. తనవాళ్ళను ముందు పంపుతున్నాడని సూపర్‌వైజరు మీద రోజూ తగవే. యంత్రానికి చుట్టాలుండరు కదా అని సంఘంవారు సైటుకు మారారు. మారుతూ ఒక నియమం పెట్టుకున్నారు. చాలాకాలం ఎవరి పేరు సైటులో పడకపోతే వారిని గైరుహాజరుగా ఎంచి, స్టాండులోని చోటును వేచి ఉన్న మరొకరికి ఇచ్చివేయాలి.

ఒకనాటి మధ్యాహ్నం నేను వరండాలో కూర్చొని ఉండగా, మామిడిపల్లి నుంచి ఒక డ్రైవరు వచ్చాడు. వయసు ముప్ఫై లోపే. చొక్కా నలిగి, కళ్ళు నిద్రలేచినట్టు ఉబ్బి ఉన్నాయి. కంప్యూటరు మేడం పైన ఉన్నదా అని అడిగాడు. పనేమిటంటే, వచ్చే శుక్రవారం సంఘం తన పేరు కొట్టివేయబోతున్నదని చెప్పాడు. అతడికీ అతని అన్నకూ కలిపి ఒకటే కారు. ఉమ్మడి పొలం విమానాశ్రయం కింద పోయిన పిమ్మట ఇద్దరూ కలిసి కొన్నారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అన్న, ఆ తరువాత తమ్ముడు నడుపుతారు. సైటు మొదలైన నాటి నుంచి ఒక్కరోజైనా తమ్ముడి పేరు వరుసలో పడలేదు. మొదట్లో సూపర్‌వైజరు దయతలచి నోటిమాట మీద పంపేవాడు. సైటులో ఉన్నవారినే పంపాలని సంఘం గట్టిగా చెప్పినప్పటి నుంచి అదీ లేదు.

“దినాం పోతున్న సార్, దినాం ఒత్తుతున్న. ఒత్తినా ఒత్తనట్టే ఉంటది. తెల్లగ గట్లనే ఉండిపోతది. మా అన్న ఒత్తితే టక్కున పడ్తది” అన్నాడు.

తరువాత మెట్లవైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “మా వదిన తమ్ముడు కారు కొన్నడు సార్. స్టాండుల జాగ కోసం తిరుగుతున్నడు. నా పాస్‌వర్డ్ మా అన్నకు ఎర్కనే.”

విన్నాను కాని నమ్మలేదు. ఆ ఉబ్బిన కళ్ళు నాకు వేరే కథ చెబుతున్నాయి. మధ్యాహ్నపు ఎండలో ఏ చెట్టు నీడనో కారాపి నిద్రపోయి, నేరాన్ని అన్నమీదికి తోస్తున్నాడని అనుకున్నాను. అయినా వెంటబెట్టుకొని పైకి తీసుకువెళ్ళాను.

పైన సైటును పరీక్షించే పని ఒక అమ్మాయిది. కోస్తా నుంచి వచ్చి బడంగ్‌పేటలో స్థిరపడిన కుటుంబం. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆమె చేతితో చేసే పరీక్ష కాదది. మనిషి నొక్కినట్టే బొత్తాములు నొక్కి చూసే చిన్నచిన్న పరీక్షలను ఆమె వ్రాసిపెడితే, కంప్యూటరే వరుసగా నడుపుతుంది. నెగ్గినదానికి పచ్చగీత, ఓడినదానికి ఎర్రగీత. ఆమె తన తెరను డ్రైవరు వైపు తిప్పింది. పైనుంచి కిందిదాకా అన్నీ పచ్చగీతలే.

“చూడండన్నా, అన్నీ పాసయ్యాయి. మా సైటులో తప్పేమీ లేదు. మీ ఫోనులోనో నెట్‌లోనో ఉండి ఉంటుంది” అన్నది.

“పచ్చగ ఉంటె అయిపాయెనా అక్కా? నా పేరేది?”

ఆమె నా వైపు చూసింది. అతడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. రాష్ట్రం రెండవుతుందా కాదా అని నలుగురు చేరినచోటల్లా వాదులాడుకొంటున్న రోజులు. మనిషి నోరు విప్పగానే ఎవరు ఏ వైపువారో తేలిపోయేది. మా ఇద్దరి మాట ఒకే తీరున ఉండటం అతడి చెవికి అందింది. “మీరు మీరు ఒక్కటే లే సార్” అని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అతడు వెళ్ళినా నేను కదలలేదు. అతడి మాట గుచ్చుకున్నందువల్ల కాదు. ఆ పచ్చగీతల వరుస నాకు నచ్చలేదు. తాళపత్రాలలో పురుగు తిన్నచోట అక్షరాలు పోతాయి. నిజాయతీ గల లేఖకుడు ఆ మేరకు ఖాళీ విడిచిపెడతాడు. దానిని గ్రంథపాతమని గుర్తిస్తాము. మరికొందరుంటారు. ఖాళీ కనబడితే తమకు చిన్నతనమనుకొని, తోచిన మాటతో పూడ్చి, ఏమీ జరగనట్టు పద్యాన్ని నడిపిస్తారు. చూపుకు ఆ ప్రతి ముచ్చటగా ఉంటుంది. ఎక్కడా గ్రంథపాతం లేని పాత ప్రతి చేతికి వస్తే ముందు దానినే పరిశీలించమనేవారు మా గురువుగారు.

“అమ్మా, నువ్వు పరీక్షిస్తుండగా ఆ పేజీ నడుమ విరిగిపోతే నీకు తెలుస్తుందా?” అని అడిగాను.

ఆ అమ్మాయి లేచి తలుపు దగ్గరకు వేసింది. ఆ జాగ్రత్త నా అనుమానాన్ని మరికొంత పెంచింది. తిరిగి వచ్చి కూర్చొని, మెల్లగా వివరించింది. పేజీ నడిపే కోడులో ఏదైనా అనుకోనిది ఎదురైనప్పుడు అది దోషాన్ని పైకి విసురుతుందట. దానిని పట్టుకొని సర్దే ఏర్పాటు ఎక్కడో ఒకచోట ఉండాలి. పట్టుకొనేవారు లేకపోతే ఆ పని అక్కడికక్కడ ఆగిపోతుంది. చూసేవాడికి పేజీ మామూలుగానే కనబడుతుంది. ఇలా ఎవరూ పట్టుకోని దోషాలను అన్‌కాట్ ఎక్సెప్షన్లంటారని చెప్పింది. ఇటువంటిది తలెత్తగానే పరీక్షను నిలిపి ఎర్రగీత పడేట్టు ఆమే మొదట్లో ఒక కాపలా పెట్టింది.

“మరి ఆ కాపలా ఇప్పుడేదీ?”

“ఉంది మాస్టారూ. నోరు మూయించాను.”

కారణం ఏమంటే, పేజీ పైన విమానాల రాకపోకల వేళలు చూపే పట్టీ ఒకటి ఉన్నది. అది వీరిది కాదు. బయటివాళ్ళ దగ్గర నుంచి తెచ్చి తగిలించినది. వేళకు సమాచారం అందక అది తరచుగా దోషాలు విసిరేది. దానివల్ల డ్రైవర్ల పనికి ఏ భంగమూ లేదు కాని, ఈమె పరీక్షలన్నీ ఎర్రబడేవి. ఇక యజమానికి ఒక ఆనవాయితీ ఉన్నది. ప్రతి శుక్రవారం సంఘంవారిని పిలిచి, కొబ్బరికాయ కొట్టి, పరీక్షల ఫలితాన్ని గోడమీద వేసి చూపేవాడు. ఆ రోజు గోడమీద ఎరుపు కనబడటం అతడి లెక్కలో అపశకునం. ఒకసారి నలుగురి ముందూ ఆమెను మందలించాడు కూడా. అప్పుడామె, పేజీ నుంచి ఏ దోషం వచ్చినా పట్టించుకోవద్దని కాపలాకు ఒక్క వాక్యంలో ఆజ్ఞ వ్రాసింది. ఆ వారం నుంచి అంతా పచ్చన.

యజమానే అలా వ్రాయించాడా అని గుచ్చి అడిగాను. కాదన్నది. అతడికి తెలుసునా అంటే, తెలియదన్నది. అందులో ఎంత నిజమో నాకు అంతుపట్టలేదు. ఆ వాక్యం తీసి చూపమన్నాను. తీసింది, గీతలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. ప్రతిదాని కిందా విమానాల పట్టీ పేరే.

“ఇదే మాస్టారూ నా బాధ. వీటిలో అసలైన తప్పు ఉన్నా ఎలా కనబడుతుంది?” అన్నది.

మరి ఆ పట్టీ దోషాన్ని ఒక్కదానినే విడిచి, తక్కినవాటిని పట్టుకోమని చెప్పరాదా అని అడిగాను. చెప్పవచ్చునట. దోషంతోపాటు వచ్చే సందేశాన్ని చూసి, అది పట్టీదే అయితే విడిచిపెట్టమనీ, మరేదైనా సరే పరీక్షను అక్కడే ఓడించమనీ వ్రాయవచ్చు. మొదటే అలా చేయవలసిందని తనే ఒప్పుకొన్నది. శుక్రవారం తరుముకు రావడంతో దగ్గర దారి తొక్కింది. అప్పటికప్పుడు మార్చి, పరీక్షలు మళ్ళీ నడిపింది. మళ్ళీ అన్నీ పచ్చగీతలే. ఆమె ముఖం తేటపడింది.

“ఇప్పుడైనా నమ్ముతారా?”

నమ్మాలనే ఉంది. పట్టీ సంగతి పోగా దోషమేమీ లేదంటే డ్రైవరు అబద్ధమాడినట్టే. అది నా మొదటి అనుమానానికి సరిపోతుంది కూడా. కాని అతడు చెప్పినదానిలో ఒక ముక్క నాకు అడ్డుపడుతున్నది. అన్న నొక్కితే టక్కున పడుతుందట. ఫోనూ నెట్టూ చెడితే ఎవరి పేరూ సరిగా పడదు కదా. ఆమె ఎటువంటి కార్లతో పరీక్షిస్తున్నదని అడిగాను. తానే కల్పించిన కార్లు, తానే కల్పించిన డ్రైవర్లు. ఒక్కొక్క కారుకు ఒక్కొక్కడు. ఒక కారుకు ఇద్దరిని పెట్టి చూశావా అంటే విస్తుపోయింది.

“ఒక కారుకు ఇద్దరు డ్రైవర్లెందుకుంటారు మాస్టారూ?”

ఆమె ఇంట్లో అటువంటి ఏర్పాటు లేదు. ఆ సైటు వ్రాసిన కుర్రవాళ్ళ ఇళ్ళలోనూ లేదు. స్టాండులో కారును ఇద్దరు తిప్పుకొనేవారు మరికొందరున్నా, వారు ఒకే పేరు వ్రాయించుకొని ఆ పేరు మీదే ఇద్దరూ నడిపేవారు. మామిడిపల్లి అన్నదమ్ములు మాత్రం ఉమ్మడి భూమికి వచ్చిన కారులో ఇద్దరి పేరూ ఉండాలని పట్టుబట్టి వ్రాయించారు. వరండాలో డ్రైవరు నోట తెలిసిన ఈ సంగతి నేను చెప్పగా విని, ఒకే కారుకు రెండు పేర్లు తగిలించి, రెండవవాడు ‘వచ్చాను’ నొక్కినట్టు ఆమె కొత్త పరీక్ష వ్రాసింది.

ఎర్రగీత పడింది. దాని కింద ఇంగ్లీషులో ఒక సందేశం. లేని మనిషి పేరు అడుగుతున్నారని దాని తాత్పర్యమట. కారుకు ఒక్కడే ఉంటాడన్న నమ్మకంతో వ్రాసిన కోడు, రెండవవాడి కోసం వెతికి, ఎవరూ దొరకక అక్కడే విరిగిపోతున్నది. సైటు మొదలైన నాటి నుంచి అతడు నొక్కిన ప్రతిసారీ ఇదే జరిగి ఉండాలి. ఆ అమ్మాయి చేతులు బల్లమీద నుంచి తీసి ఒడిలో పెట్టుకొన్నది. “పాపం, ఆయన్ని ఫోను మార్చుకోమన్నాను” అన్నది.

యజమాని ఆ సాయంత్రమే విన్నాడు. కోపగించుకోలేదు, అదే నాకు అనుమానం కలిగించింది. తప్పును చప్పుడు లేకుండా సరిదిద్దమనీ, శుక్రవారం గోడమీదికి మాత్రం ఆ ఎర్రగీత రాకూడదనీ అన్నాడు. ఇటువంటివి బయటపెడితే సంఘం మరొకరి దగ్గరకు పోతుందట. సరిదిద్దితే రేపటి నుంచి అతడి పేరు పడుతుంది, నిజమే. కాని ఇంతకాలపు గైరుహాజరు అలాగే ఉండిపోతుంది, శుక్రవారం నాడు పేరు కొట్టివేస్తారు. ఆ మాట నేను అనబోతుండగా ఆ అమ్మాయే అన్నది. తెలుసు, అది ఆ డ్రైవరు తలనొప్పి, అన్నాడు యజమాని.

శుక్రవారం సంఘాధ్యక్షుడు, సూపర్‌వైజరు, అన్నదమ్ములిద్దరు పైకి వచ్చారు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. అన్న నలభైకి దగ్గరగా ఉంటాడు, మితభాషి. తమ్ముడు అతడికి ఎడంగా, గోడకు ఆనుకొని నిలబడ్డాడు. కొబ్బరికాయ కొట్టడం అయింది. ఆ అమ్మాయి యంత్రం వేసింది. గోడనిండా పచ్చగీతలు, వాటి నడుమ ఒక్క ఎర్రగీత. కోడు వ్రాసే కుర్రవాళ్ళు ఆ తప్పును ఇంకా సరిదిద్దలేదు. యజమాని ముఖం మాడిపోయింది. ఆమె సంగతంతా దాచకుండా చెప్పింది, కాపలా నోరు మూయించిన మాటతో సహా.

అధ్యక్షుడు మీసం దువ్వుకొంటూ విన్నాడు. “అంటే ఇన్నొద్దులు పచ్చగున్నది ఇయ్యాలనే ఎర్రగైంది. గీయన పేరు తీసేసే దినమే అయింది. ఏం తమ్మీ, ఎవలిని పట్టినవ్?” అని గోడ దగ్గరి వాణ్ణి చూసి నవ్వాడు.

తప్పు లేదని చూపినంతకాలం ఆ గోడను ఎవరూ శంకించలేదు. తప్పు ఉన్నదని చూపగానే అది దొంగసాక్ష్యమైపోయింది. సూపర్‌వైజరు కూడా తలాడించాడు. అప్పుడా అమ్మాయి అధ్యక్షుణ్ణి అతడి ఫోను తీయమన్నది. ఆయన కారుకే సూపర్‌వైజరు పేరు రెండవ డ్రైవరుగా చేర్చి, సూపర్‌వైజరును తన చేతితోనే నొక్కమన్నది. సూపర్‌వైజరు నొక్కాడు. తెర తెల్లగా ఉన్నది. మళ్ళీ నొక్కాడు. ఆమె వైపు, ఆమె చేతుల వైపు చూసి, బాల్కనీలోకి వెళ్ళి నొక్కి వచ్చాడు. అధ్యక్షుడు తన పేరుతో నొక్కితే టక్కున పడింది.

“గిదేంది, జర ముందుగాల సూసుకోవద్దా?” అని యజమానిని నిలదీశాడు అధ్యక్షుడు. కొంతసేపు సూపర్‌వైజరుతో గుసగుసలాడి, తమ్ముడి గైరుహాజరులన్నీ మాఫీ చేస్తున్నామనీ, స్టాండులో అతడి చోటు అతడికే ఉంటుందనీ ప్రకటించాడు. తమ్ముడు రెండు చేతులూ జోడించాడు. కథ అంతటితో ఆగిపోయి ఉంటే బాగుండేది. లేస్తూ లేస్తూ అధ్యక్షుడు నవ్వులాటగా అన్నాడు.

“మీ అన్ననే నీ పేరు తీపిస్తున్నడని స్టాండంత తిరిగి చెప్పినవ్ గదరా. ఇగ ఇప్పుడేమంటవ్?”

అన్నకు ఆ మాట అప్పుడే తెలిసింది. తమ్ముడి వైపు చూసి, చెప్పులు వేసుకొని దిగిపోయాడు.

కోడు సరిదిద్దారు. తమ్ముడి పేరు వరుసలో పడసాగింది. కొన్నాళ్ళ తరువాత ఒక మధ్యాహ్నం, బండి చేతులు మారే వేళకు అన్న మా గేటు ముందు కారాపి పైకి వచ్చాడు. తమ్ముడు వెనక బైకు మీద వచ్చి కిందనే ఆగాడు. ఆ సమయానికి ఏదో వాక్యం సరిచూస్తూ నేను ఆ అమ్మాయి పక్కనే ఉన్నాను. అన్న కూర్చోలేదు.

“అక్కా, మా తమ్ముడు ఒత్తినా పడలే అన్నరు గద. మరి ఏ దినం ఒత్తిండు, ఏ దినం ఒత్తలే, గది మీ దాంట్ల కనవడ్తదా?”

ఆమె లేదన్నది. ఆ దోషం అతడి ఫోనులోనే పుట్టి, ఫోనులోనే పోయింది. దానిని పట్టి ఇక్కడికి పంపే ఏర్పాటు అప్పటికి లేదు. నొక్కిన రోజూ నొక్కని రోజూ ఇక్కడికి ఒక్కలాగే ఉంటాయి.

“అందాజగ?”

“అందాజు కూడా తెలీదన్నా. నిజంగా తెలీదు.”

అన్న నా వైపు తిరిగాడు. తాను పొద్దున తిప్పిన బండిని మధ్యాహ్నం తమ్ముడికి అప్పగించి, ఇంటికి పోతూ ఒకటి రెండు మార్లు స్టాండులో ఉండవలసిన అదే బండిని పహాడీ షరీఫ్ దారిలో ఆపి ఉండగా చూశానన్నాడు. అద్దాలు ఎక్కించి ఉన్నాయట. లోపల ఎవరున్నదీ చూడలేదట. “వాళ్ళు మాఫ్ చేసిండ్రు సార్. వాళ్ళకేంది. వాడు నన్ను దొంగనన్నడు. వాడు నిజంగ పోయిండో పోలేదో నాకెట్ల ఎర్కయితది?” అన్నాడు. ఆ ఉబ్బిన కళ్ళు నాకూ గుర్తున్నాయి. వాటి అర్థం నాకూ తేలలేదు.

అతడు దిగి వెళ్తుంటే బాల్కనీ నుంచి చూశాను. కారు తాళం తమ్ముడి చేతిలో పెట్టాడు. ఏమడిగినవ్ అన్నాడు తమ్ముడు. ఏం లేదు, పో, నీ వంతు పోతది అన్నాడు అన్న. తమ్ముడు కారు ఎక్కలేదు. ఒకసారి పైకి, బాల్కనీలో ఉన్న నా వైపు చూశాడు. బైకును పక్కకు జరిపి, కారు తలుపు మూసి, అన్న ఏమడిగాడో మమ్మల్నే అడగడానికి కాబోలు, మా మేడమెట్లు ఎక్కసాగాడు. అన్న గేటు దగ్గరే నిలబడిపోయాడు.